జాడ

జాడ అంటే మొదట అడుగు పడ్డ గుర్తు. అడుగుజాడ, జాడ తీయడం, జాడ లేకుండా పోవడం అన్నీ అక్కడి నుంచే వచ్చాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత నిఘంటువు తిరగేస్తే ఇంకో అర్థమూ కనిపిస్తుంది: విధం, తీరు. వెళ్లిన గుర్తు ఒకటి, మెలిగే తీరు ఒకటి. బయటి నుంచి వచ్చి మన నీళ్లను ఆక్రమించే జీవుల్ని అదుపు చేయాలంటే రెండూ తెలియాలి.

మొదటి అర్థం జన్యుశాస్త్రానిది. దానితో నాంపల్లికి పాత పరిచయమే. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉప్పల్‌కు వెళ్లకముందు చాలాకాలం ఇక్కడే నడిచింది. వేలిముద్రకు రక్తమో వెంట్రుకో చేతికి చిక్కాలి. జాడకు నీళ్లు చాలు. చేప వదిలిన జిగురులో, పెంటలో ఉన్న డీఎన్‌ఏ నీటిలో కొన్నాళ్లు నిలుస్తుంది. ఆ నీటిని వడగట్టి, పీసీఆర్‌లో పరీక్షిస్తే ఏ జాతిదో తేలుతుంది.

సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో సక్కర్ ఫిష్ జాడ ఇలాగే తీశారు. 2024లో వెల్లడైన ఫలితాల ప్రకారం అది సుమారు 60 శాతం నీటి వనరులకు పాకింది. పుట్టిల్లు దక్షిణ అమెరికా. తొట్టెలో పాచి తింటుందని అక్వేరియంల కోసం తెచ్చారు. పెరిగి తొట్టె పట్టకపోతే చెరువుల్లో వదిలేశారు. జాలర్లకు అది దెయ్యం చేప. ఒళ్లంతా ఎముక పెంకు, రెక్కలకు ముళ్లు. పడితే వల చిరుగుతుంది, చేపకు ధర పలకదు.

రెండో అర్థం జీవావరణ శాస్త్రానిది. ఈ చేప గట్టు తొలిచి బొరియలో గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగుతుంది. నీళ్లు తగ్గినప్పుడు బొరియలు బయటపడతాయి, ఏరివేతకు అదే అదను. పారే నీటిలో డీఎన్‌ఏ కొట్టుకుపోతుంది గనుక జాడ దొరికిన చోటే చేప ఉందని అనుకోకూడదు. తీరు తెలిసినవాళ్లే జాడను సరిగ్గా చదవగలరు.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరతారు. అందులో వాడే కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. అదీ ఈ చెరువుల్లోనే బతకాలి. దెయ్యం చేప ఒకసారి కుదురుకుంటే ఏరెయ్యడం మహాకష్టం. అమ్మిన దుకాణమే పెరిగిన చేపను వెనక్కి తీసుకోవాలన్న నిబంధన పెట్టాలి. అప్పుడు చెరువులో వదలడానికి ఎవరికీ సాకు ఉండదు.