ఎమ్మిగనూరు ఎన్నక్షరాలు?

వెబ్‌సైట్ నుంచి కంప్యూటర్‌కు వచ్చేది ఒక సూచనల చీటీ. ఫలానా శీర్షిక ఇంత పెద్దగా ఉండాలి, ఫలానా బొమ్మ కుడిపక్కన కూర్చోవాలి, ఈ పెట్టె వెడల్పు ఇంత అని అందులో రాసి ఉంటుంది. చీటీ చదివి తెరమీద పేజీ కట్టే పని బ్రౌజర్‌ది. ఒకే నమూనా ఇచ్చి ఎమ్మిగనూరులో ఇద్దరు నేతగాళ్లతో రెండు మగ్గాల మీద నేయిస్తే అంచులో కాస్త తేడా రావచ్చు. బ్రౌజర్ల మధ్య తేడా చాలాకాలం అంచుతో ఆగలేదు. ఒకదానిలో చక్కగా ఉన్న పేజీ మరొకదానిలో చదవడానికే పనికిరాకుండా పోయేది. తెలుగు పేజీకైతే ఆ కష్టం రెండింతలు. పెట్టె సర్దుకుంటే చాలదు, పెట్టెలో అక్షరం కూడా నిలబడాలి.

తేడాలకు మూలం 1990ల నాటి పోటీలో ఉంది. నెట్‌స్కేప్ నావిగేటర్ 1994 డిసెంబరులో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1995 ఆగస్టులో దిగింది. పేజీ అలంకరణకు ఉమ్మడి భాషగా సీఎస్‌ఎస్‌ను హాకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించగా, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 1996 డిసెంబరులో ఆమోదించింది. అప్పటికే రెండు కంపెనీలూ ఎవరి దారి వారు పట్టాయి. ప్రమాణం ఒకటే, దాన్ని చదివిన తీరు మాత్రం రెండు రకాలు.

అందరినీ ఎక్కువగా ఏడిపించింది పెట్టె కొలత. పత్తి ధరల పట్టికకు ఒక పెట్టె కావాలనుకుందాం. వెడల్పు 200 పిక్సెళ్లు, లోపల రెండువైపులా 20 చొప్పున ఖాళీ, చుట్టూ 5 పిక్సెళ్ల గీత. ప్రమాణం ప్రకారం 200 అన్నది లోపలి రాతకు చెందిన కొలత. ఖాళీ, గీత కలిపితే మొత్తం 250 అవుతుంది. ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం ఖాళీని, గీతను ఆ 200లోనే కలిపేసి రాతకు 150 మిగిల్చేది. అదే సీఎస్‌ఎస్‌తో ఒకచోట 250, ఇంకోచోట 200. ఇలాంటి పెట్టెలు మూడు పక్కపక్కన పెడితే, ఒక బ్రౌజర్‌లో సరిగ్గా పట్టినా మరొకదానిలో చోటు చాలక మూడోది కిందికి జారిపోయేది. ఒక్క పిక్సెల్ ఎక్కువైనా చాలు, కుడివైపు వరుస పేజీ అడుగుకు చేరుతుంది.

2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 కొలతను సరిచేసింది. అయితే పేజీ మొదటి వరుసలో డాక్‌టైప్ అనే ప్రకటన ఉంటేనే. అది లేకపోతే పాత పేజీగా లెక్కగట్టి పాత పద్ధతిలోనే కట్టేది. దానికి ఇతర జబ్బులూ ఉండేవి. ఎడమకు తేల్చిన పెట్టెకు 10 పిక్సెళ్ల ఎడం ఇస్తే 20 తీసుకునేది. విచిత్రమేమిటంటే, ఆ పెట్టెకు అక్కడ అర్థమే లేని ‘ఇన్‌లైన్’ అనే మాట ఒకటి తగిలిస్తే నయమైపోయేది. ఎందుకు నయమవుతుందో తెలియకపోయినా సైట్లు కట్టేవాళ్లు నాటువైద్యంలా దాన్ని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎక్స్‌ప్లోరర్ మాత్రమే చదివే ప్రత్యేక వ్యాఖ్యల్లో దానికోసం వేరే సీఎస్‌ఎస్ పెట్టడం మెరుగైన పద్ధతిగా నిలిచింది. మంచి బ్రౌజర్ల కోసం ముందు పేజీ కట్టి, మొండి బ్రౌజర్‌కు చివర్లో అతుకు వేయడం అన్నమాట. ఈ వరస తిరగబడిన సైట్లు తర్వాత చాలా అవస్థపడ్డాయి.

తెలుగు సంగతికి వద్దాం. అన్ని లిపుల అక్షరాలకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అయినా చాలా ఏళ్లు అది కంప్యూటర్లలో ఆచరణకు రాలేదు. అందుకే తెలుగు దినపత్రికల సైట్లు డైనమిక్ ఫాంట్ల దారి పట్టాయి. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన అంకెల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి, ఆ ఫాంటును పేజీతోపాటు పంపేవారు. 1997 నాటి ఎక్స్‌ప్లోరర్ 4కు ఈవోటీ రకం ఫాంటు కావాలి. నెట్‌స్కేప్ 4కు బిట్‌స్ట్రీమ్ కంపెనీ ట్రూడాక్ రకం కావాలి. ఒకే వార్తకు రెండు ఫాంట్ ఫైళ్లు. రెండూ తెలియని మూడో బ్రౌజర్‌లో వార్త మొత్తం అడ్డదిడ్డమైన ఇంగ్లిష్ గుర్తుల గుంపుగా కనిపించేది. ఆదోని మార్కెట్ వార్త రాసి ఉన్నా, ‘ఆదోని’ అని వెతికితే దొరికేది కాదు. కంటికి తెలుగులా కనిపించినా కంప్యూటర్‌కు అది తెలుగు కాదు మరి.

విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, యూనికోడ్ తెలుగు వచ్చాయి. కానీ పెట్టగానే పనిచేసేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల పేజీకి వెళ్లి, సంక్లిష్ట లిపుల ఫైళ్లు కావాలని టిక్ పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ వేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేయాలి. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చున్న మనిషికి ఇదంతా అయ్యే పనా? అలాంటిచోట యూనికోడ్ పేజీ తెరిస్తే కనిపించేవి డబ్బాలు. తెలుగువాళ్లు ఆ పేరే ఖాయం చేశారు. ‘డబ్బాలు వస్తున్నాయి’ అంటే చాలు, రోగమేమిటో అవతలివాళ్లకు తెలిసిపోయేది.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాక డైనమిక్ ఫాంట్ల చిక్కుకు ఇంటి మందు దొరికింది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో అంకురార్పణ చేసిన వెన్న నాగార్జున, ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే పొడిగింపు రాశారు. పత్రికల సైట్లలోని డైనమిక్ ఫాంట్ల రాతను అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. సైటు మారలేదు, పత్రిక మారలేదు, చదివేవాడి బ్రౌజరే దుబాసీ అయింది. పద్మ కోడ్ ఆధారంగానే వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’లో ఇంగ్లిష్ కీబోర్డుతో వేలమంది తెలుగు రాశారు. తెలుగు వెబ్ చరిత్రలో ఈ రెంటికీ దక్కాల్సినంత పేరు దక్కలేదు.

డబ్బాలు పోయాక వత్తుల సమస్య ముందుకొచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా బటన్ ఎత్తు 20 పిక్సెళ్లని బిగించి, పొంగినదాన్ని దాచెయ్యమని రాస్తే, తెలుగు వత్తు ఆ గీత కింద తెగిపోతుంది. మావత్తు తెగిన ఎమ్మిగనూరు ‘ఎమిగనూరు’ అవుతుంది. నావత్తు తెగిన కర్నూలు ‘కరూలు’ అవుతుంది. పైగా విండోస్‌లో గౌతమి, ఆ తర్వాత నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ పరికరాల్లో వేరొకటి. ఒక్కో ఫాంటు ఎత్తు ఒక్కో తీరు. గౌతమిలో అక్షరం చిన్నది, వరుసల ఎడం పెద్దది. ఒకచోట నిండుగా ఉన్న మెనూ ఇంకోచోట బోసిగా కనబడటానికి కారణం ఇదే.

దీనికి మందు తేలికే. ఎత్తును బిగించకుండా ‘కనీసం ఇంత’ అని వదలాలి. వరుసల ఎడాన్ని పిక్సెళ్లలో కాకుండా అక్షరం సైజుకు 1.6, 1.8 రెట్లుగా చెప్పాలి. అన్ని బ్రౌజర్లకూ ఒకే ఫాంటును పేజీతోపాటు పంపాలి. ఈ చివరిది మళ్లీ సాధ్యమైంది సఫారి 3.1, ఫైర్‌ఫాక్స్ 3.5 వచ్చిన 2008, 2009లలో. డైనమిక్ ఫాంట్ల ఆలోచనే ఇది, కాకపోతే ఈసారి లోపలున్నది నిజమైన తెలుగు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర 2012 ప్రాంతంలో విడుదల చేసిన మండలి, సూరన్న, పెద్దన లాంటి ఉచిత ఫాంట్లు అప్పుడు అక్కరకొచ్చాయి.

ఫోన్లది వేరే దారి. 2006లో ప్రపంచమంతటికీ అందిన ఒపెరా మినీ చిన్న ఫోన్లలోనూ పేజీలు తెరిచేది. ఆ ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండేది కాదు. అయితే చిరునామా పెట్టెలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొడితే తెరుచుకునే పేజీలో, సంక్లిష్ట లిపులకు బొమ్మల ఫాంటు వాడమని ఒక ఎంపిక ఉండేది. దానికి ‘అవును’ అంటే సర్వరే తెలుగును బొమ్మగా గీసి పంపేది. బటన్ల ఫోన్లో తెలుగు చదివినవాళ్లకు ఆ చిట్కా కంఠతా వచ్చు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు ఫాంటుతో వచ్చాక దాని అవసరం తీరింది.

లిపి నడిచే దిక్కు మరో చిక్కు. ఆదోని బీజాపూర్ సుల్తానుల, ఆ తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఏలుబడిలో ఉన్న ఊరు. తెలుగు, ఉర్దూ, కన్నడం అక్కడ ఒకే బజారులో వినిపిస్తాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి ‘ఎడమవైపు ఖాళీ’ అని రాసిన సీఎస్‌ఎస్ ఉర్దూ పేజీలో తప్పు పక్కన పడుతుంది. కొత్త పద్ధతిలో ఎడమ, కుడి అనకుండా ‘మొదలు’, ‘చివర’ అంటారు. లిపి ఎటు నడిస్తే మొదలు అటే. ఈనాడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అక్షరాలను కూర్చే పనిముట్టు పేరు హర్ఫ్‌బజ్. ఉర్దూ ఎరిగినవాళ్లకు హర్ఫ్ అంటే అక్షరమని చెప్పనక్కర్లేదు. బాజ్ అంటే పారశీకంలో తెరిచినది.

2008లో క్రోమ్ వచ్చింది, 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌ను విరమింపజేసింది. ఈ రెంటి మధ్యకాలంలో బ్రౌజర్లు ప్రమాణాల మీద ఒక్కమాటకు వచ్చాయి. పడుగు పేకల్లా నిలువు, అడ్డం వరుసలుగా పేజీని పంచే సీఎస్‌ఎస్ గ్రిడ్ 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారి మూడింటిలోనూ అందింది. అంతకు పదేళ్ల ముందైతే ఎవరూ నమ్మని సంగతి అది. అయినా అక్షరం చిక్కు పూర్తిగా విడలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరితే చాలు, ఆ మాట చూపబోయిన ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న 11.2.6 కూర్పుతో ఆపిల్ దాన్ని సరిచేసింది.

మిగిలిన ప్రశ్న ఎక్కడ అక్షరం మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది. వ్యాసం మొదటి అక్షరాన్ని పెద్దది చేయాలన్నా, అక్షరాల మధ్య ఎడం పెంచాలన్నా బ్రౌజర్‌కు అది తెలియాలి. యూనికోడ్‌లో ఆదోనికి అయిదు సంకేతాలు: ఆ, ద, ఓత్వం, న, గుడి. ఎమ్మిగనూరుకు పది. ఆదోనిని మూడక్షరాలుగా లెక్కించడం యూనికోడ్ పాత నియమానికీ వచ్చు. ఎమ్మిగనూరు దగ్గర తప్పేది. పొల్లు దగ్గర అక్షరం ముగిసిందనుకుని ఎ, మ్, మి, గ, నూ, రు అని ఆరు చెప్పేది. ‘శ్రీ’ని కూడా రెండుగా చీల్చేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని మార్చి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదని చెప్పింది. ఆ కూర్పును అందుకున్న బ్రౌజర్లలో ఎమ్మిగనూరు, ఊళ్లో ఒకటో తరగతి పిల్లలు పలక మీద లెక్కపెట్టినట్టే, అయిదక్షరాలు.