గుంజాల అక్షరాలు – ఆగని కూర్పులు

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలో గుంజాల అనే గోండు గ్రామం ఉన్నది. గోండీ భాషను దాని స్వంత లిపిలో వ్రాసిన వ్రాతప్రతులు సుమారు పన్నెండు ఆ గ్రామంలో లభించినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు జయధీర్ తిరుమలరావుగారి నాయకత్వాన పరిశోధకులు వానిని వెలుగులోకి తెచ్చిరి. అవి 1750 ప్రాంతపువని పండితుల అంచనా. ఆ లిపికి 2018 జూన్‌లో యూనికోడు 11వ కూర్పులో చోటు దొరికినది. ప్రపంచ లిపులలోని ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్యను కేటాయించే పట్టికకే యూనికోడు అని పేరు. తెలుగు అక్షరాలకు 1991లోనే సంఖ్యలు లభించినవి. గుంజాల గోండికి 63 సంఖ్యలు రావడానికి ఆ మీదట మరి 27 ఏండ్లు పట్టినది.

సంఖ్య లభించినంత మాత్రాన అక్షరం కంప్యూటరు తెరమీద కనబడుతుందా? కనబడదు. ఆ సంఖ్యకు రూపమిచ్చే ఖతి ఒకటి కావలెను. హల్లును, గుణింతపు గుర్తును కలిపి సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ వంటి కార్యక్రమం కావలెను. ఇది అక్షరమా, అంకెయా, వరుసలో ఎక్కడ నిలుస్తుంది అని అడిగినపుడు జవాబు చెప్పగల మూల గ్రంథాలయమూ కావలెను. లినక్స్ వ్యవస్థలలో తరచు ఈ పని చేసేది గ్నూ సి లైబ్రరీ. వీనిని తయారుచేసేవారు వేర్వేరు బృందాలవారు; ఒకరి తేదీ ఒకరికి పట్టదు. యూనికోడు 11ను ఇముడ్చుకున్న గ్నూ సి లైబ్రరీ 2.28వ కూర్పు 2018 ఆగస్టు 1న వెలువడినది. అది గ్రామంలోని కంప్యూటరుకు ఎప్పుడు చేరుతుందనేది ఆ కంప్యూటరులోని నిర్వహణ వ్యవస్థను పంచేవారి పద్ధతినిబట్టి ఉంటుంది.

ఆ పద్ధతులు ముఖ్యంగా రెండు. కరీంనగర్ పల్లెలలో గూన పెంకుల ఇల్లున్నవారికి ఇవి వెంటనే బోధపడతవి. వానకాలానికి ముందు కప్పంతా ఒక్కసారే తిరగవేయించడం ఒక పద్ధతి. పగిలిన పెంకును పగిలిననాడే మార్చుకొనడం మరొకటి. మొదటిది సంఖ్యగల కూర్పుల పద్ధతి. రెండవదానిని రోలింగ్ రిలీజ్, అనగా నిరంతర విడుదల, అంటారు.

మొదటి పద్ధతి డిస్కుల కాలపు అలవాటు. 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన లినక్స్ కేవలం అంతర్భాగమే. దానికి తక్కిన కార్యక్రమాలను చేర్చి పంచే సంస్థలు తరువాత వచ్చినవి. ఇయన్ మర్డాక్ 1993లో ఆరంభించిన డెబియన్ అటువంటిది. డిస్కుమీద అచ్చొత్తిన దానిని మరల దిద్దడం కుదరదు గదా! కనుక అన్నీ సిద్ధమయ్యేవరకు ఆగి, కొత్త మార్పులను నిలిపివేసి, పరీక్షించి, విడుదల చేసేవారు. డెబియన్‌లో 2002 జూలై కూర్పుకు, దాని తరువాతి కూర్పుకు నడుమ దాదాపు మూడేండ్లు గడచినవి. ఇంటింటికి వలసంబంధం వచ్చిన తరువాత అంతకాలం ఆగడమెందుకనే ప్రశ్న పుట్టడం సహజమే. 2002 మార్చి నెలలోనే రెండు జవాబులు వచ్చినవి: డేనియల్ రాబిన్స్ స్థాపించిన జెంటూ మొదటి కూర్పు, కెనడాలో జడ్ వినెట్ ఆరంభించిన ఆర్చ్ లినక్స్.

ఆర్చ్‌లో వాడుకరి ఒక ఆజ్ఞ ఇస్తాడు. కంప్యూటరు కేంద్ర భాండాగారంలోని జాబితాను తెచ్చి, తన జాబితాతో పోల్చి చూస్తుంది. కొత్తవైన ప్యాకేజీలను తెచ్చుకొని, వానిమీది సంతకాలను పరీక్షించి, పాతవాని స్థానంలో ఉంచుతుంది. అప్పటికే నడుస్తున్న కార్యక్రమం పాత ప్రతినే పట్టుకొని ఉంటుంది. ఆపి మరల ఆరంభించిననాడు కొత్తదానిని అందుకుంటుంది. ఇటువంటి కంప్యూటరును “ఎన్నవ కూర్పు?” అని అడుగరాదు, “ఏనాటిది?” అని అడుగవలెను.

పెంకుల ఉపమానం ఇక్కడ చాలదు. పెంకు తన పక్క పెంకును అడగదు. ప్యాకేజీలు అట్లు కావు. ఒక గ్రంథాలయం తన రూపం మార్చుకుంటే దానిమీద ఆధారపడిన కార్యక్రమాలన్నిటినీ మరల సంకలనం చేయవలెను. అన్నిటినీ పరీక్షా విభాగంలో ఉంచి, ఒక్కుమ్మడిగా భాండాగారంలోకి పంపవలెను. అందుచేతనే ఆర్చ్‌వారు ఒక్కదానినే మార్చుకోవద్దని, మారిస్తే అన్నీ మార్చమని హెచ్చరిస్తారు. 2014లో కొత్త రూపం దాల్చిన ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌లోనైతే ఓపెన్‌క్యూఏ అనే యంత్ర పరీక్షకుడు ప్రతి విడతనూ తానే స్థాపించి, మీటలు నొక్కి, తెరను చూచి, తప్పిన విడతను ఆపివేస్తుంది. నిరంతర పద్ధతి అంటే పరీక్షలేని పద్ధతి అన్న అపోహ ఇంకను వినబడుతున్నది గాని, అది న్యాయం కాదు.

మరల గుంజాల లిపికి వద్దాం. నిరంతర పద్ధతివారికి 2.28వ కూర్పు 2018లోనే అందినది. డెబియన్ స్థిర కూర్పు వాడుకరులు మాత్రం 2019 జూలై 6న వెలువడిన 10వ కూర్పువరకు వేచి ఉన్నారు. ఇంతవరకు చూస్తే మొదటివారిదే గెలుపు.

కాని ఆ కట్టలోనే మరొక మార్పు వచ్చినది. అక్షరాలను వరుసపెట్టే నియమాలను అంతర్జాతీయ ప్రమాణానికి అనుగుణంగా తిరగవ్రాసిరి. పాత నియమం ప్రకారం “11” ముందు, “1-1” తరువాత. కొత్త నియమంలో “1-1” ముందు వస్తుంది. చూచుటకు స్వల్పమే. పోస్ట్‌గ్రెస్ వంటి దత్తాంశ భాండాగారాలు వెదకడానికి వీలుగా ముందే వరుసపెట్టిన సూచికలను ఉంచుకుంటవి. సూచికను పాత నియమంతో కట్టి, కొత్త నియమంతో వెదికితే, ఉన్న పేరే లేదని జవాబు రావచ్చును. రెండు పేర్లు ఉండకూడని చోట రెండవది చేరవచ్చును. 2018లో ఏ హెచ్చరికా కనబడేది కాదు. సూచికలను మరల కట్టడమే మార్గం.

ఈ చిక్కు స్థిర కూర్పువారికి తప్పలేదు. కాని వారికది తెలిసిన ఒక తేదీనాడు వచ్చినది. అప్పటికి ఇతరుల అనుభవం వ్రాతలో ఉన్నది. నిరంతర పద్ధతివారికి అది మామూలు దినాన, పదుల కొద్దీ ప్యాకేజీల మధ్య ఒకటిగా వచ్చినది. కనుక గోండీ ఖతులను దిద్దేవారికి నిరంతర పద్ధతి తగినది. వేలమంది విద్యార్థుల మార్కుల పట్టికలుంచే కళాశాల కంప్యూటరుకు స్థిర కూర్పే మేలు. ఒకే కార్యాలయంలో రెండింటినీ వేర్వేరు యంత్రాలపై నడుపుకోవడానికి అడ్డేమీ లేదు. లిపిని ఒకదానిలో పరీక్షించి, ఏడాది తరువాత రెండవదానికి చేర్చవచ్చును, సూచికలు మరల కట్టుకొని.