కావలి సెటిల్మెంటు: నిర్బంధమా, సంస్కరణమా?

నేరస్థుణ్ణి చెరసాలకు పంపాలా, షరతులపై విడిచిపెట్టాలా అన్న ప్రశ్న ఇస్లామీ న్యాయశాస్త్రానికి కొత్తది కాదు. తాజీర్ నేరాలలో మందలింపు మొదలు ఖైదు వరకు ఏది తగునో ఖాజీ నేరాన్నీ, నేరస్థుని స్థితినీ చూచి నిర్ణయిస్తాడు. అయితే ముందుగా ఆ వ్యక్తి నేరం రుజువు కావాలి.

నెల్లూరు కోస్తాలోని కావలిలో ఈ నియమం తలక్రిందులయింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం క్రింద ఎరుకల కుటుంబాలను అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్మెంటులో ఉంచారు. పాదరీ శామ్యూల్ బాడెన్ దాని నిర్వాహకుడు. అక్కడ పనీ, బడీ ఉండేవి. హాజరు పిలుపూ, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటరాదన్న కట్టడీ ఉండేవి. అది జైలుకంటె మేలే కావచ్చు. కాని ఒక తెగను ఆ చట్టం క్రింద ప్రకటించడానికి ఒక్కొక్కరి నేరం రుజువు కానక్కరలేదు. భార్యాబిడ్డలు సైతం ఆ కట్టడిలోనే బ్రతికారు.

1952లో నేరస్థ తెగల చట్టాలు రద్దయ్యాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రశ్నను తిరిగి వ్యక్తి వద్దకు తెచ్చింది. మరణశిక్ష గాని, యావజ్జీవ శిక్ష గాని పడదగని నేరాలలో, నేరం రుజువైన పిమ్మట, దాని స్వభావాన్నీ నేరస్థుని నడవడినీ తూచి, మూడేండ్లకు మించని పూచీకత్తుపై న్యాయస్థానం విడువవచ్చు. 21 ఏండ్ల లోపువారిని జైలుకు పంపితే కారణాలు వ్రాయవలసిందే. దయకైనా దండనకైనా ముందు విచారణ జరగాలన్నదే కావలి చరిత్ర నేర్పే పాఠం.