విస్కీ పన్ను: వేసిందొకరు, తీసిందొకరు

పశ్చిమ పెన్సిల్వేనియా రైతు రై ధాన్యాన్ని గుర్రాల మీద కొండలు దాటించి అమ్మితే కిరాయికే సరిపోయేది. అందుకే విస్కీ కాచేవాడు. నాణేలు దొరకని ఆ సీమలో విస్కీయే డబ్బు. స్వాతంత్ర్య యుద్ధపు అప్పులు తీర్చాలని 1791లో అమెరికా అధ్యక్షుడు వాషింగ్టన్ ప్రభుత్వం సరిగ్గా దానిమీదే పన్ను వేసింది, నాణేల్లోనే కట్టమంది. ఆలోచన ఆర్థికమంత్రి హామిల్టన్‌ది. పెద్ద బట్టీలవాళ్లకు గాలన్‌కు తక్కువ పడేలా కుదిరింది చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. జనం వసూలుదార్లకు తారు పూసి ఈకలు అంటించారు. 1794లో వాషింగ్టన్ సుమారు 13,000 మంది సైన్యాన్ని పంపాడు. తిరుగుబాటు చల్లారింది, వసూలు మాత్రం అంతంతమాత్రమే.

1802లో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ ఆ పన్నుతోపాటు దేశంలోపలి పన్నులన్నీ ఎత్తేశాడు. సైన్యాన్ని కుదించి, దిగుమతి సుంకాలతో నెట్టుకొచ్చాడు. నా ఓటు జెఫర్సన్‌కే. కాకపోతే రేవుల్లో ఆ సుంకాలు వసూలుచేసిన యంత్రాంగాన్ని నిలబెట్టింది హామిల్టనే.