బోసి దవడకు లోహపు వేళ్లు

క్రీ. పూ. 450 ప్రాంతంలో రోము నగరవాసులు తమ శాసనాలను పన్నెండు ఫలకాల మీద చెక్కించుకొన్నారు. శవంతోపాటు బంగారాన్ని పాతిపెట్టరాదని వానిలో ఒక నిషేధం ఉంది. ఆ వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది: చనిపోయినవాని పళ్లు బంగారంతో కట్టి ఉన్నట్లయితే ఆ బంగారాన్ని తీయనక్కరలేదు. శాసనకర్తలు పనిగట్టుకొని ఇంత చిన్న సంగతిని రాయించారంటే, కట్టుడు పళ్లవాళ్లు ఆ నగరంలో మరీ అరుదుగా ఉండి ఉండరు. రోమనుల పొరుగువారైన ఎట్రస్కనులు అంతకు ముందే ఈ పనిలో నిపుణులు. పలుచని బంగారు పట్టీలను ఇరుపక్కల పళ్లకు చుట్టి, నడుమ ఊడిన పంటి చోట మరొక పంటిని బిగించేవారు.

ఐతే పట్టీ చుట్టడానికి ఇరుగుపొరుగు పళ్లు ఉండాలి గదా! దవడ మొత్తం బోసిపోయినప్పుడు దేనికి కట్టాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. జపాను దేశపు పనివారు దీనికొక చక్కని ఉపాయం కనిపెట్టారు. అక్కడ 1538లో మరణించిన ఒక బౌద్ధ సన్యాసిని వాడిన కొయ్య పళ్ల వరుస నేటికీ భద్రంగా ఉంది. ఒకే కొయ్యముక్కను అంగిటికి సరిగ్గా అతుకుకొనేటట్లు తొలిచి చేసినది అది. రెంటి నడుమ పలుచని లాలాజలపు పొర నిలిచి పట్టు కలిగిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఈ సూక్ష్మం చాలాకాలం అందలేదు. 1789లో అమెరికా తొలి అధ్యక్షుడుగా ప్రమాణం చేసేనాటికి జార్జి వాషింగ్టన్ నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయన కట్టుడు పళ్లు కొయ్యవని లోకంలో ఒక కథ ఉన్నది గాని అది నిజం కాదు. నీటిగుర్రపు దంతము, మనుషుల పళ్లు, లోహము కలిపి చేసి, పై వరుసను కింది వరుసను స్ప్రింగులతో కలిపారు. నోరు మూసి ఉంచాలంటే ఆ స్ప్రింగులతో పెనుగులాడవలసిందే!

పందొమ్మిదో శతాబ్దం నడుమ గట్టి రబ్బరు వచ్చి సామాన్యులకు కట్టుడు పళ్లు అందాయి. ఆ రబ్బరు హక్కులు గల కంపెనీ దంతవైద్యుల వద్ద రుసుము వసూలుచేస్తూ, ఇవ్వనివారిని కోర్టులకు ఈడ్చింది. చివరకు 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక దంతవైద్యుడు ఆ కంపెనీ కోశాధికారిని కాల్చి చంపాడు. 1930ల చివర ఆక్రిలిక్ ప్లాస్టిక్కు వచ్చాక రబ్బరు వెనుకబడింది.

వస్తువు మారినా లోపం మాత్రం మారలేదు. పంటిని పట్టి ఉంచే దవడ ఎముకకు పంటి వేరు ద్వారా అందే ఒత్తిడే బలం. పన్ను పోతే ఆ ఎముక అరిగిపోవడం మొదలుపెడుతుంది. కట్టుడు పళ్లు వాడేవారిని ఇరవై అయిదేండ్లు పరిశీలించి టాల్‌గ్రెన్ అనే శాస్త్రజ్ఞురాలు 1972లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ అరుగుదల ఏండ్లు గడచినా ఆగదు. పై దవడలో కంటే కింది దవడలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. కింది పళ్ల సెట్టు నోట్లో ఈదులాడుతున్నదని వృద్ధులు విసుగుకొనడానికి కారణం ఇదే.

పంటికి కృత్రిమ వేరు నాటాలనే ఆలోచన కొత్తది కాదు. 1931లో హోండురాస్ దేశపు తవ్వకాల్లో దొరికిన ఒక దవడలో పళ్లకు బదులు గవ్వ ముక్కలు నాటి ఉన్నాయి; క్రీ. శ. 600 నాటి దవడ అది. 1970లో ఎక్స్-రే తీయగా వాని చుట్టూ ఎముక పెరిగిన జాడలు కనిపించాయి. 1909లో అమెరికాలో గ్రీన్‌ఫీల్డ్ ప్లాటినం తీగల పంజరాలను, 1930ల చివర స్ట్రాక్ సోదరులు వైటాలియం మరలను దవడలో నాటారు. ఇటువంటివి కొన్ని చక్కగా నిలిచినా, అనేకం కొన్నేండ్లకు కదలిపోయేవి. ముల్లు గుచ్చుకొంటే దాని చుట్టూ శరీరం పొర కట్టినట్లే, లోహానికీ ఎముకకూ నడుమ మెత్తని నారపొర ఏర్పడడమే కారణం.

ఆ పొరను తప్పించే దారి పళ్లతో సంబంధం లేని ప్రయోగంలో దొరికింది. 1952లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే యువకుడు, సజీవమైన ఎముకలో రక్తం ఎట్లా ప్రవహిస్తుందో చూడగోరి, కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గూడును అమర్చాడు. ఖరీదైన పరికరం గనుక తిరిగి వాడుకొందామని తీయబోతే అది రాలేదు. లోహమూ ఎముకా ఒకటై కూర్చున్నాయి. టైటానియం గాలి తగలగానే తన మీద తానే పలుచని ఆక్సైడు పొర కప్పుకొంటుంది. ఆ పొరను ఎముక పరాయిదిగా చూడదు. బ్రోనెమార్క్ ఈ కలయికకు తరువాత ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు.

1965లో గోథెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే దవడ లోపమున్న 34 ఏండ్ల వ్యక్తికి కింది దవడలో నాలుగు టైటానియం మరలు నాటాడు. 2006లో ఆయన మరణించేవరకు అవి పనిచేశాయి. ఐనా దంతవైద్య లోకం అంత సులభంగా నమ్మలేదు. బ్రోనెమార్క్ దంతవైద్యుడు కాడు, శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడు. పైగా మునుపటి మరల వైఫల్యాలు అందరికీ గుర్తున్నాయి. ఆ అనుమానం అన్యాయమని అనలేము. దానికి జవాబు లెక్కలతోనే వచ్చింది. 371 మంది రోగులకు 15 ఏండ్లలో నాటిన 2,768 మరల వివరాలను గోథెన్‌బర్గ్ బృందం 1981లో ప్రకటించింది. పై దవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం మరలు నిలిచాయి. వాని మీద బిగించిన పళ్ల వరుసలో మాత్రం పైన 89, కింద 100 శాతం నిరంతరాయంగా పనిచేశాయి. మరుసటి యేడు టొరాంటో సభ తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

మరల లెక్కకూ వరుసల లెక్కకూ గల తేడాను కొంచెం ఆలోచించాలి. ఒక మర ఊడినా తక్కినవి బరువు మోశాయన్నమాట. అందుకే ఆ బృందం వీలున్నచోట ఐదారు మరలు నాటేది. మరి నాలుగు చాలవా? 1995లో బ్రోనెమార్క్ బృందమే నాలుగింటి మీద, ఆరింటి మీద నిలిపిన వరుసలను పదేండ్ల పాటు పోల్చి, వరుసల మన్నికలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. 2003లో లిస్బన్ వైద్యుడు పావులో మాలో నాలుగింటి పద్ధతికి కొత్త రూపమిచ్చాడు. ముందరి రెండు మరలు నిటారుగా, వెనుకటి రెండు ఏటవాలుగా నాటడం ఇందులోని కిటుకు. కింద నరాన్ని, పైన ముక్కుపక్కల గాలి గదిని తప్పించుకొంటూనే పళ్ల వరుసకు వెనుకదాకా ఆధారం దొరుకుతుంది. ఎముక అతికించే శస్త్రచికిత్స చాలామందికి తప్పుతుంది. తాత్కాలికపు వరుసను కూడా అదేరోజో మరునాడో బిగిస్తారు. బ్రోనెమార్క్ తొలి రోగులు కింది దవడకు మూడు నాలుగు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగవలసివచ్చేది. పై దవడ ఎముక పూర్తిగా అరిగినవారికి 1980ల చివరినుండి చెంప ఎముకలోకి పొడవైన మరలు దింపడం ఉంది. అది ఆరితేరిన చేతులు చేయవలసిన పని.

ఈ వేగం ఒక ప్రలోభం కూడా. ఇంకా పదేండ్లు నిలువగల పళ్లను పీకించి నాలుగు మరలకు తొందరపడడం మంచి బేరం కాదు. నాలుగింటిలో ఒకటి ఊడితే, ఆరింటిలో ఒకటి ఊడినప్పటికంటే చిక్కు ఎక్కువ. బిగించిన వరుస కింద పాచి పేరుకొంటే చుట్టూ చిగురు వాచి ఎముక తినివేయబడుతుంది. పొగతాగేవారికీ, మధుమేహం అదుపులో లేనివారికీ ఈ ముప్పు హెచ్చు.

ఖర్చు భరించలేనివారికీ, చేతులు వణకి బిగించిన వరుసను శుభ్రపరచుకోలేనివారికీ మరొక మార్గముంది. కింది దవడ ముందుభాగంలో రెండే మరలు నాటి, వానికి తీసి పెట్టుకొనే పళ్ల సెట్టు బొత్తాంలాగా తగులుకొనేటట్లు చేస్తారు. రాత్రి తీసి కడుక్కోవచ్చు. పళ్లన్నీ పోయిన కింది దవడకు మామూలు సెట్టు కాక ఇదే మొదట సూచించవలసిన చికిత్స అని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తీర్మానించారు. పై దవడకు ఈ తీర్మానం వర్తించదు: అక్కడి ఎముక మెత్తన, రెండు మరలు చాలవు. పైగా అంగిటి వైశాల్యం వల్ల పై సెట్టుకు మరలు లేకుండానే మంచి పట్టు దొరుకుతుంది, ఆ జపాను కొయ్య పళ్లకు దొరికినట్లే.