విన్నవారిలో మిగిలిన వీణ

కవి గతించినా కావ్యం ఉంటుంది. శిల్పి గతించినా శిల్పం ఉంటుంది. వైణికుడు తంత్రి మీది నుంచి వేలు తీసిన మరుక్షణం నాదం ఆగిపోతుంది. ఆ పిమ్మట ఆ సంగీతానికి నిలువనీడ విన్నవాని చెవి ఒక్కటే. ధ్వనిని పట్టి నిలిపే యంత్రాలు వ్యాపించని కాలంలో జీవించిన విద్వాంసుల చరిత్ర అంతా ఆ చెవుల మీదనే ఆధారపడి ఉన్నది. ఆ చెవులు విన్నదానిని ఎంతవరకు దాచాయి, ఏ రూపంలో మనకు అందించాయి అన్నది ఈ వ్యాసంలో నా విచారణ. మా ఉప్పాడకు పొరుగున ఉన్న పీఠికాపుర సంస్థాన వైణికులు, కీర్తిశేషులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారిని ఇందుకు ఉదాహరణగా స్వీకరిస్తున్నాను.

పీఠికాపురం అంటే నేటి పిఠాపురం. 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది, ఇప్పుడు కాకినాడ జిల్లాలోనిది. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరు వారి కాలంలో ఆ సంస్థానం తెలుగు విద్యకు పెట్టని కోటగా వెలిగింది. దేవులపల్లి సోదర కవులు అక్కడి ఆస్థాన కవులు. 'సాక్షి' వ్యాసకర్త పానుగంటి లక్ష్మీనరసింహారావు గారికి ఆశ్రయమిచ్చిన ఊరు అది. వేంకట పార్వతీశ కవులను ఆదరించిన సంస్థానం అది. 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ ప్రభువు పేరునే ధరించింది. ఇంతటి అక్షర సంపద నడుమ ఆస్థాన వైణికులుగా సంగమేశ్వరశాస్త్రి గారు ఉన్నారు. కవుల పుస్తకాలు నేటికీ తెరిచి చదువుకొంటున్నాము. శాస్త్రిగారి వీణను తెరిచి వినే ఉపాయం మనకు లేదు.

ఇక్కడ ఒక పోలిక గుర్తుకు వస్తుంది. అవధానం కూడా ఆ క్షణంలో పుట్టి ఆ సభలోనే ముగిసే విద్య. అయినా తిరుపతి వేంకటకవుల అవధాన పద్యాలు ఎన్నో 'శతావధానసారము' రూపంలో నిలిచాయి. పక్కన కూర్చుని వ్రాసుకొన్నవారు ఉన్నారు. పద్యం నోటికి పట్టేది, ఛందస్సు దానికి కాపలా కాసేది. వీణ మీద సాగిన రాగాలాపనకు అటువంటి లేఖకుడు లేడు. కృతిని స్వరపరచి వ్రాయవచ్చును గాని, ఒకానొక రాత్రి ఒకానొక వైణికుడు ఒక గమకాన్ని ఎంతసేపు నిలిపాడో, ఎక్కడ మీటు తగ్గించి మౌనానికి చోటిచ్చాడో ఆ వ్రాత చెప్పలేదు.

శాస్త్రిగారి కచేరీల స్మృతులలో లోకం మరువని ఘట్టం ఒకటున్నది. 1918లో రవీంద్రనాథ ఠాకూరు పిఠాపురం వచ్చారు. ఆ రాకకు నేపథ్యం ఉన్నది. పిఠాపురం ప్రభువు బ్రహ్మసమాజాభిమాని, రఘుపతి వేంకటరత్నం నాయుడు గారికి శిష్యుడు. నాయుడుగారు అప్పటికి కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులుగా ఉన్నారు. వంగదేశంతో ఈ ప్రాంతానికి ఏర్పడిన చెలిమికి బ్రహ్మసమాజమే వంతెన. అక్కడ శాస్త్రిగారి వీణ విన్న ఠాకూరు ముగ్ధులై, ఆయనను శాంతినికేతనానికి పిలిపించుకొన్నారు. విశ్వభారతికి అంకురార్పణ జరుగుతున్న రోజులవి. భాష తెలియని ఊరిలో, బాణీ తెలియని శ్రోతల మధ్య ఒక గోదావరి సీమ వైణికుడు దక్షిణాది వీణకు ప్రతినిధి అయ్యారు.

ఇది గర్వించదగిన సంగతే. కాని ఆలోచించి చూడండి. శాస్త్రిగారిని గురించి ఈనాడు నలుగురిని అడిగితే మొదట వచ్చే మాట ఠాకూరు మెచ్చాడన్నదే. తరచుగా చివరి మాట కూడా అదే. కొద్దికాలం విన్న అతిథి మెప్పు చరిత్రకెక్కింది. ఏళ్ళ తరబడి విన్న ఊరివారి అనుభవం ఊరితోనే ఉండిపోయింది. కోటలో విన్నవారు, ఇళ్ళలో పెళ్ళి పేరంటాలకు విన్నవారు, అరుగు మీద కూర్చుని సాధన విన్నవారు ఎందరో ఉండి ఉంటారు. వారు చెప్పుకొన్నారే గాని వ్రాసిపెట్టినది స్వల్పం. పెద్ద మనిషి ఇచ్చిన యోగ్యతాపత్రాన్ని పటం కట్టించి, మనవాళ్ళ మాటను గాలికి వదిలిన జాతి మనది.

ఆనాటి వీణ కచేరీ అంటే ఏమిటో కూడా నేటివారు ఊహించుకోవలసి ఉన్నది. వీణ నాదం సహజంగా చిన్నది. ఏడు తంత్రులు, మైనంపై నిలిపిన ఇరవైనాలుగు మెట్లు, పనసకర్రతో తొలిచిన కుండ: ఇదే దాని దేహం. మైకు లేదు. అందువలన శ్రోతలు వందలలో ఉండే అవకాశం తక్కువ. ఎదురుగా నేల మీద, వైణికుని వేళ్ళు కనబడే దూరంలో కూర్చుని వినవలసినదే. ఆంధ్ర వైణికులు మీటుకు ఇచ్చిన ప్రాధాన్యం, బొబ్బిలి, విజయనగరం, పిఠాపురం సంస్థానాలలో పెరిగిన వేగం, స్పష్టత అంత దగ్గరగా విన్నవారికే పూర్తిగా తెలిసే గుణాలు. గ్రామఫోను పలక ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పలికేది. గంటసేపు సాగే రాగాన్ని అందులో బంధించడమంటే గోదావరిని చెంబులో పట్టడమే. 1938లో మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమయ్యే నాటికి శాస్త్రిగారు లేరు. 1948లో విజయవాడ కేంద్రం వచ్చేసరికి ఆయనను ప్రౌఢ వయస్సులో విన్నవారే వృద్ధులయ్యారు.

చెన్నపట్టణంలో వీణ ధనమ్మాళ్ గారి సంగతి చూడండి. ఆమె 1867లో జన్మించి 1938లో గతించారు. ఆమె వీణ కూడా చిన్న గదిలో వినవలసినదే. జార్జిటౌనులోని ఇంటిలో శుక్రవారం సాయంకాలం ఆమె వాయించేవారు. ఆ శుక్రవారాల నిశ్శబ్దాన్ని, శ్రోతల భయభక్తులను విన్నవారు మళ్ళీమళ్ళీ వ్రాశారు. పైగా 1932లో, వార్ధక్యంలో, ఆమె వాదనం కొన్ని పలకలకెక్కింది. రెండు సాక్ష్యాలు ఉండటం వలన ఒకదానితో మరొకటి సరిచూసుకోవచ్చును. పట్టణంలో పత్రికలు, గ్రామఫోను కంపెనీలు, సభలు ఉన్నాయి. పిఠాపురంలో ఉన్నది ప్రభువు ఆదరణ. ఆదరణ విద్వాంసుని పోషించగలదు, కచేరీని భద్రపరచలేదు.

సముద్రాల అవతల ఇటువంటి కథ మరొకటి ఉన్నది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో బడ్డీ బోల్డెన్ అనే నల్లజాతి వాద్యకారుడు ఉండేవాడు. పుట్టుక 1877. ట్రంపెట్ జాతికి చెందిన కార్నెట్ అనే బాకా ఊదేవాడు. జాజ్ సంగీతానికి మొదటి పురుషుడని అతనికి పేరు. 1907లో మతి చలించి ఆసుపత్రి పాలై, 1931లో అక్కడే మరణించాడు. అతని వాదనం ఒక్క క్షణమైనా నేడు వినడానికి లేదు. అతని వాదనాన్ని ఒక మైనపు గొట్టం మీద ముద్రించారని చెబుతారు గాని అది ఎవరికీ దొరకలేదు. మిగిలినది విన్నవారి మాట. అతని బాకా మైళ్ళ దూరం వినబడేదని వారు చెప్పారు. బాకా ఎక్కడ, వీణ ఎక్కడ! ఒకటి వీధులు దాటేది, మరొకటి గది దాటనిది. ఇద్దరికీ గతి మాత్రం ఒక్కటే అయింది.

అయితే అక్కడి అభిమానులు ఒక పని చేశారు. వృద్ధులైన వాద్యకారులను వెదకి, బోల్డెన్‌ను గురించి వారికి గుర్తున్నది చెప్పించి, 1939 నాటికే పుస్తకానికి ఎక్కించారు. మరో నలభై ఏళ్ళకు, 1978లో, డొనాల్డ్ మార్క్విస్ అనే పరిశోధకుడు పురపాలక పత్రాలను, జనాభా లెక్కలను ముందు పెట్టుకొని ఆ మాటలను శోధించాడు. బోల్డెన్‌కు మంగలి దుకాణం ఉండేదని, పత్రిక నడిపాడని వచ్చిన కథలకు ఆధారం లేదని తేల్చాడు. అభిమానుల జ్ఞాపకంలో తప్పులు ఉన్నాయి. ఐనా ఆ జ్ఞాపకాలు కాగితం మీద ఉండబట్టే తప్పు ఏదో, ఒప్పు ఏదో నిర్ణయించడం సాధ్యపడింది. వ్రాయని జ్ఞాపకానికి ఆ భాగ్యం కూడా లేదు.

మన సంగీత స్మృతులకు మరొక జబ్బు ఉన్నది. అవి తరచు అచ్చుపోసిన మాటలలోనే ఉంటాయి. సభ పులకించింది, రాళ్ళు కరిగాయి, సరస్వతి సాక్షాత్కరించింది. ఏ విద్వాంసుని పేరు పెట్టినా సరిపోయే వాక్యాలివి. భక్తికి ఇవి చాలును, చరిత్రకు చాలవు. ఏ ఊరు, ఏ సందర్భం, ఏ రాగం, ఎంతసేపు, ఎవరు మృదంగం, శ్రోతలు ఏ చోట తల ఊపారు, ఏ చోట విసుగు చెందారు? ఇటువంటి ఒక్క చిన్న వివరం పది విశేషణాల పెట్టు. విసుగును కూడా వ్రాసినవాని మెప్పునే మనం నమ్మగలము.

తరువాతి తరం వారిని చూస్తే తేడా స్పష్టమవుతుంది. శాస్త్రిగారి సమకాలికులైన ఈమని అచ్యుతరామశాస్త్రి గారి కుమారులు ఈమని శంకరశాస్త్రి గారు 1922లో ద్రాక్షారామంలో జన్మించారు. మద్రాసు జెమిని స్టూడియోలోను, పిమ్మట ఆకాశవాణిలోను పనిచేసి 1987లో పరమపదించారు. వారి శిష్యులు చిట్టిబాబు గారు 1936లో కాకినాడలో పుట్టి 1996లో కన్నుమూశారు. వీరిద్దరి వీణ నేటికీ మన ఇంటిలో మోగుతుంది. చిట్టిబాబు గారి 'కొమ్మలో కోయిల' విని ఇది వీణకు తగిన పనేనా అని వాదించే ఛాందసులు ఉన్నారు, ఇదే వీణకు కొత్త ఊపిరి అనే రసికులూ ఉన్నారు. ఆ వాదం జరగడమే కళాకారునికి దక్కిన గౌరవం. వినడానికి ఉన్నచోట వాదం ఉంటుంది. వినడానికి లేనిచోట నమస్కారం ఒక్కటే మిగులుతుంది. సంగమేశ్వరశాస్త్రి గారికి మనం నమస్కారం పెట్టి ఊరుకొన్నాము. విద్వాంసుని తక్కువగా చూడటమంటే ఆయనను నిందించడమే కానక్కరలేదు. ఇదీ అందులో ఒక రకమే.

మా ఉప్పాడలో జాంధానీ చీర నేసేటప్పుడు ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. ఒకరు నాడె విసురుతుంటే మరొకరు పువ్వు పోస్తారు. కచేరీ కూడా అటువంటి ఇద్దరి నేతయే. వాయించేవాడు ఒకడు, వినేవాడు రెండవవాడు. రెండవవాని పని కచేరీతో ముగియదు. విన్నది చెప్పడం, చెప్పినది వ్రాయడం కూడా అతని వంతు నేతలోనివే.

శాస్త్రిగారిని విన్న తరం వెళ్ళిపోయింది. కాని ఇప్పటికీ గుడి వాకిట నాదస్వరం విన్నవారు, రామనవమి పందిళ్ళలో తెల్లవార్లూ హరికథలు విన్నవారు, నాటక సమాజాలలో హార్మోనియం వాయించిన గొప్పవారిని ఎరిగినవారు గోదావరి సీమలో డెబ్బై ఎనభై ఏళ్ళ ప్రాయంలో ఉన్నారు. వీరు విన్న కళాకారులలో ఏ పలకకూ ఎక్కనివారు, ఏ బిరుదూ అందనివారు ఎక్కువ మంది. సముద్రం మా ఊరి తీరాన్ని ఏటేటా కోసుకుపోతున్నట్లే కాలం ఈ జ్ఞాపకాలను ఇంటింటా కోసుకుపోతున్నది. తీరానికి రాళ్ళు వేసే పని ప్రభుత్వానిది. జ్ఞాపకానికి అడ్డు కట్టే పని మనది. ఇంటిలో పెద్దవారు ఉన్న ప్రతి పాఠకుడూ ఈ వారం వారి పక్కన కూర్చుని, మీరు విన్న గొప్ప కచేరీ ఏది, ఎక్కడ, ఎవరిది అని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టుకోవాలని నా విన్నపము.