కొట్టు నుంచి ఇంటికి: కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాల్లో పచారీ కొట్టు నివాసంగా మారిన చరిత్ర

వ్యాససంగ్రహం:
గ్రామంలోని పచారీ కొట్టు సరుకులు అమ్మే చోటు మాత్రమే కాదు. అప్పు, కొలత, లెక్క, కులమర్యాద కలిసి పనిచేసిన సామాజిక స్థలం. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాల్లో ఇటువంటి కొట్లు 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఒక్కొక్కటిగా మూతపడి నివాసగృహాలయ్యాయి. ఈ మార్పుకు దారితీసిన ఆర్థిక, చట్టపరమైన కారణాలను, భాషలోను కట్టడంలోను మిగిలిన ఆధారాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పచారీ కొట్టు, అంగడి, అరుగు, పద్దు, వీశె, గొలుసుకట్టు, డెల్టా గ్రామాలు.

1. ఉపోద్ఘాతం:
డెల్టా ప్రాంతపు పాత గ్రామాల్లో ప్రధానవీధి వెంట ఉన్న ఇళ్లలో ఒకటి రెండు మిగిలినవాటికి భిన్నంగా కనిపిస్తాయి. వాటి ముందుగది వీధివైపు ఇంటికి అవసరమైన దానికంటే వెడల్పుగా తెరుచుకొని ఉంటుంది. ఆ వెడల్పును తరువాతి కాలంలో ఇటుకలతో పూడ్చి, మధ్యలో మామూలు తలుపు, పక్కన కిటికీ అమర్చి ఉంటారు. పాత గడప కమ్మీ మిగిలి ఉంటే దానిమీద పొడవునా ఒక గాడి కనిపిస్తుంది. ఒకప్పుడు నిలువు బల్లలను వరుసగా ఆ గాడిలో దించి రాత్రిపూట కొట్టును మూసేవారు. లోపల దూలానికి దిగేసిన ఇనుపకొక్కెం ఉంటుంది. బస్తాలు తూచే పెద్ద కాటా వేలాడిన చోటు అది.

ఇటువంటి ఇంటి చరిత్రను రాజవంశాల చరిత్ర రాసినట్లు రాయడం కుదరదు. దానికి శాసనం లేదు, స్థలపురాణం లేదు. ఉన్న ఆధారాలు మూడు: మాటలు, కట్టడం, లెక్కల పుస్తకాలు. ఈ మూడింటినీ ప్రభుత్వ చట్టాలతోను, గ్రామ ఆర్థిక జీవనంలో వచ్చిన మార్పులతోను కలిపి చదివినప్పుడు కొట్టు ఎందుకు పుట్టింది, ఎందుకు ఇల్లయింది అన్న ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

2. మాటల్లో మిగిలిన అంగడి:
తెలుగులో అమ్మకపు స్థలానికి ఉన్న పేర్లలో 'అంగడి' పాతది. తమిళ, కన్నడాల్లోను ఈ మాట ఉంది. కోస్తా ప్రాంతంలో అది దుకాణానికి పేరు కాగా, తెలంగాణలో వారానికొకసారి జరిగే సంతను అంగడి అంటారు. అంటే ఒకే మాట ఒకచోట నిలిచి ఉన్న దుకాణాన్ని, మరొకచోట కూడి విడిపోయే జనసమూహాన్ని సూచిస్తున్నది. 'దుకాణం' అరబ్బీ నుంచి, 'బజారు' పారసీకం నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. 'కొట్టు' అనే మాటకు అమ్మకపు స్థలమనే కాక, నిల్వచేసే గది అనే అర్థం కూడ ఉంది. గడ్డికొట్టు, కట్టెలకొట్టు అనడం ఇందుకు నిదర్శనం. గ్రామంలోని వ్యాపారి ముందుగా సరుకు నిల్వ ఉంచగలవాడు, ఆ తరువాతే అమ్మేవాడు అన్న సంగతి ఈ మాటలోనే ఉంది.

వర్తకానికి తెలుగునాట దీర్ఘచరిత్ర ఉంది. గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) ఓడ వర్తకులకు అభయమిచ్చి, సుంకాలను నిర్ణయించింది. శాసనాల్లో నకరం, పెక్కండ్రు వంటి వర్తకసంఘాల ప్రస్తావన ఉంది. ఓరుగంటి వీధులను వర్ణించే 'క్రీడాభిరామం'లోని ఇద్దరు మిత్రుల్లో టిట్టిభసెట్టి వర్తకుడే. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' సరుకుల పేర్లకు, వృత్తుల వివరాలకు గని వంటిది. ఇటువంటి కావ్యాలనుంచి జనజీవనాన్ని తవ్వితీయవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) నిరూపించింది. అయితే ఈ ఆధారాలు ఎక్కువగా రేవులకు, నగరాలకు సంబంధించినవి. పల్లెలో ఏడాది పొడవునా తెరిచి ఉండే పచారీ కొట్టు విస్తరణను అర్థం చేసుకోవడానికి 19వ శతాబ్దికి రావాలి.

3. కాలువలు, రైలు, కిరసనాయిలు:
గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1847-1852 మధ్య, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1852-1855 మధ్య నిర్మితమయ్యాయి. ఈ కాలువలు సాగునీటికే కాక పడవల ప్రయాణానికీ ఉపయోగపడ్డాయి. పల్లెనుంచి ధాన్యం తీసుకువెళ్లిన పడవ తిరుగుప్రయాణంలో ఉప్పు, ఎండుమిర్చి, బెల్లం, బట్టలు తేగలిగింది. 1900 నాటికి గోదావరిపై రైలువంతెన పూర్తయి, మద్రాసు వైపునుంచి కలకత్తా వైపుకు తీరరేఖ వెంట రైలుమార్గం ఏర్పడింది. రైలుస్టేషను, కాలువ రేవు, ఎడ్లబండి అనే మూడు అంచెల్లో దూరప్రాంతపు సరుకు పల్లెకు చేరసాగింది.

ఆ సరుకుల్లో గ్రామజీవనాన్ని ఎక్కువగా మార్చినది కిరసనాయిలు. ఆముదపు దీపానికి కావలసిన నూనె ఊళ్లోనే తయారయ్యేది. కిరసనాయిలు మాత్రం ఊరికి బయటినుంచే రావాలి. అగ్గిపెట్టె కూడ అంతే. వారపు సంతకు వెళ్లి వారానికి సరిపడా కొనలేని కూలి కుటుంబానికి ఏ పూటకాపూట కొద్దికొద్దిగా అమ్మేచోటు కావలసివచ్చింది. 'చిల్లర కొట్టు' అన్న పేరులోని చిల్లర ఈ అవసరాన్నే చెబుతున్నది.

ఈ కొనుగోలు తరచు డబ్బుతో జరిగేది కాదు. కూలి గింజల రూపంలో అందేది కనుక స్త్రీలు సాయంత్రం ఒడిలో వడ్లు తెచ్చి కొట్లో పోసి, వాటికి బదులుగా ఉప్పు, మిరపకాయలు, చింతపండు తీసుకువెళ్లేవారు. ఇలా సోలలు, తవ్వలుగా చేరిన ధాన్యం వ్యాపారి కొట్టుగదిలో పుట్లుగా పేరుకొనేది. అమ్మేచోటుకు వెనుక పెద్ద నిల్వగది ఉండడానికి కారణమిదే.

4. ఒకే కప్పు కింద కొట్టు, ఇల్లు:
వీధివైపు అరుగు, అరుగుమీద కొట్టు, దాని వెనుక నిల్వగది, ఆ వెనుక కుటుంబం నివసించే భాగం, పెరడు: డెల్టాలోని కొట్టు ఇళ్లలో సాధారణంగా కనిపించే వరుస ఇది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు ఒక తలుపు దాటితే ఇంట్లో ఉంటాడు. అతడు సరుకుకోసం పట్నం వెళ్లినప్పుడు ఇల్లాలు ఆ తలుపు దాటి వచ్చి గల్లా దగ్గర కూర్చొనేది. లెక్కల్లో ఆమె పేరు ఉండదు కాని, కొట్టు సాగడంలో ఆమె శ్రమ ఉంది.

కొట్టు ఇల్లుగా మారడమంటే, అంతకుముందు ఇల్లు లేని చోట ఇల్లు వెలిసిందని కాదు. వెనుక ఉన్న ఇల్లు ముందుకు విస్తరించి వీధిని చేరుకొన్నది. వ్యాపారం పోయినా కట్టడం పాడుబడకుండా నిలవడానికి ఈ అమరికే ప్రధానకారణం.

5. అరుగు ఎక్కినవారు, ఎక్కలేనివారు:
కొట్టు అరుగును ఊరి కబుర్ల వేదికగా స్మరించుకోవడం పరిపాటి. ఆ స్మృతి నిజమే కాని అసంపూర్ణం. అంటరానితనం అమలైన గ్రామాల్లో దళితులు అరుగు కింద, వీధిలో నిలబడి సరుకు అడగవలసివచ్చేది. చేతికి చేయి తగలకుండా డబ్బు కింద పెట్టడం, సరుకు పైనుంచి గుడ్డలోకి జారవిడవడం ఆ వ్యవస్థలో భాగం. వెనుక నిల్వగదిలోకి చేరిన గింజలు మాత్రం ఎక్కువగా వారి శ్రమఫలమే.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 15(2) అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఎవరికీ దుకాణాల ప్రవేశంలో ఆంక్ష ఉండరాదని ప్రకటించింది. బావులు, చెరువులు, రోడ్లతో పాటు దుకాణాన్ని రాజ్యాంగం పేరెత్తి చెప్పడం గమనార్హం. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఈ నిరాకరణను శిక్షార్హం చేసింది. చట్టం దృష్టిలో కొట్టు అరుగు అందరిదీ అయింది. కాని అదే కొట్టు నివాసమైన తరువాత ఆ అరుగు మళ్లీ సొంత ఆస్తి. ఎవరిని పైకి రమ్మనాలో, ఎవరిని వీధిలోనే నిలిపి మాట్లాడాలో నిర్ణయం ఇంటివారిది. దుకాణంగా ఉన్నప్పుడు చట్టం తెరిపించిన గడప నివాసంగా మారి మూసుకొన్నది. కొట్టు ఇల్లయిన చరిత్రలో ఇంతవరకు తగినంత పరిశీలన జరగని అంశమిది.

6. పద్దు, అప్పు, చట్టం:
కొట్టులో రెండు ముఖ్యమైన పుస్తకాలుండేవి. ఏ రోజు బేరం ఆ రోజు రాసుకొనేది చిట్టా. ఒక్కొక్కరి ఖాతాకు విడివిడిగా ఎత్తిరాసేది ఆవర్జా. పంట చేతికి వచ్చేదాకా సరుకు అరువుగా ఇచ్చి, కళ్లంలో ధాన్యంగా రాబట్టుకోవడం ఆనవాయితీ. అందువల్ల పచారీ వర్తకానికి, వడ్డీ వ్యాపారానికి మధ్య గీత పలుచన. 'షావుకారు' అన్న మాటలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. అదే పేరుతో 1950లో వచ్చిన చలనచిత్రం అటువంటి గ్రామ వడ్డీ వ్యాపారిని కథాకేంద్రంగా చేసుకొన్నది.

ఈ సంబంధాన్ని ఏకపక్షంగా చూడడం చరిత్రకు న్యాయం చేయదు. వానలు లేని ఏడాది పొయ్యి వెలిగించినది అరువే. మరుసటి ఏడాది పంటను కళ్లంలోనే మాయం చేసినదీ అదే అరువు. 1930లలోని ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోగా, అప్పు మాత్రం రూపాయల్లో పెరుగుతూ పోయింది. మద్రాసు ప్రభుత్వం 1938లో చేసిన వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీని కొట్టివేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించి ఉంటే ఆ అప్పు తీరినట్లే భావించింది. ఆవర్జాలోని పాతబాకీలకు అంతకుముందున్న విలువ పోవడం ఇక్కడినుంచి మొదలయిందని చెప్పవచ్చు.

7. కొలతలు మారాయి, కొట్లు మూతపడ్డాయి:
కొట్టువాని నైపుణ్యం చాలావరకు కొలతల్లో ఉండేది. తూకంలో మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. కొలతలో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కుంచం, పుట్టి వంటి పెద్ద కొలతలు ప్రాంతాన్ని బట్టి మారేవి. నాణెంలో రూపాయికి పదహారణాలు. ఈ లెక్కలన్నీ సగాలు, పావులుగా విడగొట్టడానికి అనువైనవి. రూపాయిలో పదహారోవంతు అణా అయితే, తెలుగు లెక్కలో పదహారోవంతు వీసం. అరవైనాలుగోవంతు కానీ.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెం వచ్చింది. 1956 చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలో, లీటరు అమలులోకి వచ్చాయి. దాదాపు 1.4 కిలోల వీశె, కొట్టు అటక మీదికి చేరింది. పాత కొలతలు తెలిసినవాడి మీద ఆధారపడవలసిన అవసరం తగ్గింది. కొనేవాడు కిలో రాయిమీది ముద్రను తానే చూసుకోగలిగాడు. అయితే కొలత మారినంత మాత్రాన కొట్టు మూతపడలేదు. అసలు దెబ్బ సరుకు వైపునుంచి వచ్చింది.

1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో అక్కడి బియ్యం, చమురు ఆగిపోయి, రేషను విధానం విస్తరించింది. స్వాతంత్ర్యానంతరం చౌకధరల దుకాణాలు స్థిరపడ్డాయి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం పథకం మొదలైంది. పచారీ కొట్టుకు వెన్నెముక వంటి బియ్యం, పంచదార, కిరసనాయిలు పేద కుటుంబాలకు మరొకచోట తక్కువ ధరకు దొరికాయి. మరోవైపు గింజల కూలి క్రమంగా డబ్బు కూలి అయింది. కొట్లో వడ్లు పోసే అవసరం తీరింది. వడ్లు రాని నిల్వగది ఖాళీ అయింది. బస్సులు పెరిగి పట్నం చేరువైంది. చదువుకొన్న పిల్లలు ఉద్యోగాలకు, పెద్ద వ్యాపారాలకు తెనాలి, గుడివాడ, విజయవాడ వంటి పట్టణాలకు తరలారు. గల్లాపెట్టె దగ్గర కూర్చొనే మనిషి లేకపోయాడు. వర్తకం దివాలా తీసి మూసిన కొట్ల కంటే, వారసుడు లేక మూసిన కొట్లను ప్రత్యేకంగా గుర్తించవలసి ఉంది. వాటి కట్టడాలు చెక్కుచెదరకుండా ఇళ్లయ్యాయి.

8. కట్టడంలో మిగిలినవి, పోయినవి:
నివాసమైన తరువాత కొట్టుభాగం ముందుగది అవుతుంది. నిల్వగది పడకగది అవుతుంది. గాలి వెలుతురు లేని ఆ గదికి కొత్తగా కిటికీ పెట్టవలసివస్తుంది. వడ్లకు చీకటి మేలు, మనుషులకు కాదు. కాటా వేలాడిన కొక్కెం పసిబిడ్డ ఉయ్యాలకు పనికివస్తుంది. కుంచం, మానిక వంటి పాత్రల్లో కొన్ని పెళ్లిళ్లలో పూజాద్రవ్యాలుగా మిగిలాయి. 'వీసమెత్తు' అనే మాట వీసం ఎంతో తెలియనివారి నోట కూడ నిలిచింది.

నిలవనివి లెక్కల పుస్తకాలు. ఇల్లు సర్దేటప్పుడు మొదట బయటపడేవి అవే. వాటిని పనికిరాని కాగితంగా అమ్మివేస్తున్నారు. వాటిలో చాలా భాగం గొలుసుకట్టు రాతలో ఉంటుంది. ఆ రాత చదవగలవారు నానాటికీ తగ్గిపోతున్నారు. నాలుగు ప్రాతిపదికగా నడిచే తెలుగు భిన్నాంకాల చిహ్నాలకు 2008లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ చిహ్నాలు నిత్యవ్యవహారంలో ఎలా పనిచేశాయో చూపగల విలువైన సాక్ష్యం ఇటువంటి చిట్టాలే. కరణాల లెక్కల్లో భూమి ఉన్నవారి పేర్లుంటాయి. భూమి లేని కూలి మనిషి ఏ నెలలో ఎంత ఉప్పు, ఎంత చింతపండు కొన్నాడో తెలిపే లిఖిత ఆధారం కొట్టు పద్దు తప్ప మరొకటి అరుదు.

9. ముగింపు:
పచారీ కొట్టు నివాసంగా మారడం ఒక కుటుంబపు సొంత నిర్ణయంగా కనిపించినా, దాని వెనుక కాలువలు, రుణచట్టం, రాజ్యాంగం, దశాంశ కొలతలు, చౌకబియ్యం, వలస కలిసి పనిచేశాయి. ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, కొట్టును నిలిపినది గింజల కూలి, అరువు. ఆ రెండూ సడలిన కొద్దీ కొట్టు అవసరం తగ్గింది. రెండు, మూతపడడం వల్ల పేదలకు అప్పు బంధం సడలిన మాట నిజమే కాని, చట్టం అందరికీ తెరిచిన ఒక బహిరంగస్థలం కూడ గ్రామం నుంచి తొలగిపోయింది. మూడు, కట్టడం రూపం మార్చుకొని బతికింది, పద్దులు మాత్రం నశిస్తున్నాయి.

గ్రామనామాలు, తాళపత్రాలు, జానపదగేయాలు సేకరించిన తెలుగు శాఖలు కొట్టు పద్దులను కూడ సేకరించవలసిన సమయమిది. వాటిలో అప్పుపడినవారి పేర్లు ఉంటాయి కనుక, ఆ పేర్లు బయటపడకుండా ప్రతులు తీసి భద్రపరచాలి. గొలుసుకట్టు చదవగల వృద్ధుల సహాయంతో ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. వారు లేని రోజున పుస్తకాలు దొరికినా వాటిని చదివి చెప్పేవారు దొరకరు.